చూడామణి తలకి పోసుకునే రోజులు

ఆ ఊళ్ళో ఎవరు ఏం ఆరబెట్టుకోవాలన్నా ముందు చూడామణి తల వైపు చూస్తారు. జడ నూనెతో జిడ్డోడుతూ వీపుకి అంటుకుని ఉంటే ధైర్యంగా చాపలు పరుస్తారు. జడ విప్పుకుని గుమ్మంలో కూర్చుందంటే మాత్రం ఎక్కడి పని అక్కడ వదిలేసి పరుగున వచ్చి, పరిచినవన్నీ లోపలికి లాక్కుంటారు. ఊరి వాట్సాప్ గ్రూపులో వాతావరణం కబుర్లు ఉండవు. "రేపు చూడామణికి తల ఉందా లేదా" అన్న ప్రశ్న ఒక్కటే ఉంటుంది.

ఆమె తలకి పోసుకుంటే వాన పడుతుంది. ఊరి పొలిమేర దాకానే పడుతుంది, అవతలి రోడ్డు తడవదు. చీపురుపల్లిలో పుట్టింటికి వెళ్ళి అక్కడ పోసుకుని చూసింది. అప్పుడూ గజపతినగరం దగ్గరున్న ఈ అత్తవారి ఊళ్ళోనే కురిసింది. ఇదేం వింతని ఎవరూ అనుకోరు. ఆమెకు ముందు ఆ వాన అత్తగారు సుభద్రమ్మ తలలో ఉండేది. సుభద్రమ్మ జుట్టంతా రాలి, మాడు మచ్చలు కట్టి, ఇంక వెంట్రుక మొలవదని తేలిపోయిన ఏడు కోడలి తలలోకి వచ్చి చేరింది. అప్పటి నుంచీ సుభద్రమ్మ నడివేసవిలో కూడా తలమీది కొంగు తీయదు.

ఊరు చూడామణిని బాగానే చూసుకుంటుంది, ఆ మాట కాదనకూడదు. నాట్లప్పుడు కుంకుడుకాయలూ మందారాకులూ తెచ్చిచ్చి, తలకి పోసుకోమని బతిమాలతారు. కోతలప్పుడు ఇంటింటి నుంచీ కొబ్బరినూనె వస్తుంది. "నూనె రాసుకో తల్లీ, సల్లగా ఉంటాది. పోసుకోకు సుమా" అంటారు. ఆ ప్రేమే ఆమె కొంప ముంచింది. కడగని తలకి నూనె మీద నూనె పట్టించి, పట్టించి, మాడుమీద మడ్డి పేరుకుపోయింది.

ఈ ఏడు మరీ అన్యాయం. నాట్లు ఆలస్యమై కోతలు వెనకబడ్డాయి. ఒకరి మొక్కజొన్న ఆరేసరికి ఇంకొకరి నువ్వులు, అవి ఎత్తేసరికి ఇంకొకరి వరి. దీపావళి తలంటు కూడా లేదంటే ఏమనాలి? మొదట దురద. తర్వాత తవుడు రాలినట్టు పొట్టు. ఆ తర్వాత చీము పొక్కులు. పొద్దున్న లేస్తే దిండు వాసన, చేతిలోకి గుప్పెడు వెంట్రుకలు. జ్వరం కూడా తగిలాక మొగుడు మోహనకృష్ణ ఆమెను బండెక్కించి విజయనగరం తీసుకెళ్ళాడు.

డాక్టరు షాలిని పాయలు తీసి తలంతా చూసింది.

"వారానికి రెండుసార్లు తలస్నానం చేయాలి. మందు షాంపూ రాస్తాను. గోళ్ళతో గీరకుండా వేళ్ళ కొసలతో మెల్లగా రుద్ది, కాసేపు ఉంచి కడగండి. మరీ వేడినీళ్ళు వద్దు, గోరువెచ్చగా చాలు. తడిజుట్టు ముడెయ్యొద్దు. పుళ్ళు మానేదాకా నూనె చుక్క పడకూడదు."

"వానొస్తాదండి" అంది చూడామణి.

"రానివ్వండి. ఇంకో నెల ఇలాగే ఉంటే కుదుళ్ళు చచ్చిపోతాయి. తర్వాత నేను కాదు కదా, ఎవరూ మొలిపించలేరు."

ఇంటికొచ్చేసరికి వరి కోసేశారు. ఊరి పొలమంతా పనలు పరిచి ఉన్నాయి, మోహనకృష్ణ పొలంతో సహా. కబురు వాళ్ళకంటే ముందే ఊరు చేరింది. మర్నాడు ఆదివారం, పెద్దరైతు కూర్మయ్య నలుగుర్ని వెంటేసుకుని వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. వాళ్ళలో నూకయ్య అనే రైతు అరుగెక్కకుండా నేరుగా పెరట్లోకి పోయి కుళాయి పక్కన నిలబడ్డాడు, ఆ కుళాయేదో పారిపోతుందన్నట్టు.

"ఎవరు కాదన్నారమ్మా? పోసుకుందువు గాని" అన్నాడు కూర్మయ్య. "పనలారి కుప్పలు పడనీ. అంతవరకూ ఓర్సుకో."

"అప్పుడు నూర్పులంటారు బాబూ. తరవాత మినపసేనంటారు. నాకు తల మిగల్దు."

"మీ అత్త ఓర్సుకోలేదేటి?"

చూడామణి మొగుడి వైపు చూసింది. మోహనకృష్ణ నేల వైపు చూస్తున్నాడు. ఏడాది కష్టం పొలంలో పడుకుని ఉంటే ఏ మగాడికి మాట పెగులుతుంది? అత్తగారైనా ఓ మాట అంటుందేమోనని చూస్తే, ఆవిడ పెరటి గుమ్మం దగ్గర మనవరాలు కౌముదికి షాంపూ రుద్దుతోంది. మూడో తరగతి పిల్ల, రేపు బడి ఉంది. పెద్దాళ్ళ గొడవ తనది కాదన్నట్టు కళ్ళు గట్టిగా మూసుకుని పీటమీద కూర్చుంది.

సుభద్రమ్మ చెంబెడు నీళ్ళు పిల్ల తలమీద పోసింది.

పెరట్లో చినుకులు పడ్డాయి.

ఎక్కువేం కాదు. పీట చుట్టూ మట్టి మచ్చలు పడేంత. చెంబు ఆగింది, చినుకూ ఆగింది. పైన మబ్బు లేదు. తన తల చస్తోందని, వాన అప్పుడే ఇంకో తల వెతుక్కుంటోందని చూడామణికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కూర్మయ్య అరుగుమీంచి మెడ సాచి చూశాడు. "ఒలమ్మో! పిల్లకి దిగతన్నాది" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, పైగా ఊరట ఉంది. "మంచిదేలే. సూడామణీ, నీ తలతో ఇంక పన్లేదు, నీ ఇష్టమొచ్చినట్టు పోసుకుందువు. ఈ పిల్లకి మాత్రం ఇప్పట్నుంచే నూనె అలవాటు సెయ్యండి. మా ఇంట్లోంచి నానంపుతాను."

చూడామణి జడ విప్పడం మొదలుపెట్టింది.

"ఒసే, ఏటది?" అని నూకయ్య కుళాయికి అడ్డంగా నిలబడ్డాడు. "పనలున్నాయి. నీ మొగుడివీ ఉన్నాయి."

"తెలుసు."

అప్పుడు కదిలింది సుభద్రమ్మ. పిల్ల తల తువ్వాలుతో చుట్టి పీటమీంచి లేపింది. ఖాళీ పీట చూపించి కోడలితో, "కూకో" అంది. కట్టెల పొయ్యిమీదికి నీళ్ళ కాగు ఎక్కించింది. చెయ్యి ఆడడానికి అడ్డొస్తోందని తలమీది కొంగు లాగి నడుముకి దోపుకుంది. ఎండలో ఆ తల, మచ్చలతో, ఒక్క వెంట్రుకైనా లేకుండా బయటపడింది. అరుగుమీది మగాళ్ళు తలలు దించుకున్నారు. నూకయ్య కుళాయి దగ్గర్నుంచి పక్కకి జరిగాడు.

"నా తల ఊరికిచ్చాను, ఏటీ అన్లేదు" అంది సుభద్రమ్మ. "దీని తలా ఇచ్చీమని నానే సెప్పాను, నా బుద్ధి గడ్డి తిని. పిల్లది ఇవ్వను. నీలు గోరెచ్చనయ్యీదాకా టయిముంది. ఎత్తుకున్నోలికి ఎత్తుకున్నంత."

అరుగు ఖాళీ అయిపోయింది. వీధిలో కేకలు, ట్రాక్టర్ల మోత, టార్పాలిన్ బరకాలు ఈడ్చుకెళ్తున్న చప్పుడు. మోహనకృష్ణ ఒక్కడే పొయ్యి పక్కన నిలబడ్డాడు. కాగులో వేలు ముంచాడు.

"ఇంకా సల్లగానే ఉన్నాయి" అన్నాడు.

ఇంకాసేపటికి మళ్ళీ ముంచి, "ఇంకా కాలేదు" అన్నాడు. కాగుమీద ఆవిరి కనపడుతూనే ఉంది. చూడామణి పీటమీద కూర్చుని, జుట్టు ముందుకు వేసుకుని, ఆ అబద్ధం ఎంతసేపు చెబుతాడో అని ఎదురుచూసింది. అతను చెప్తూనే ఉంటే తనే మనసు మార్చుకుని పీటమీంచి లేచేస్తుందేమోనన్నదే ఆమె భయం.

మూడోసారి వేలు తీసి, మోహనకృష్ణ పొలం వైపు ఒక్కసారి చూశాడు. చెంబు అందుకున్నాడు.

"సరిపోనాయి. తలొంచుకో" అన్నాడు.

అతను పోశాడు, అత్తగారు రుద్దింది. వేళ్ళ కొసలతోనే, డాక్టరు చెప్పినట్టే, పాయ తీసి పాయ తీసి. తన తలని ఎవరూ అలా ముట్టుకోలేదని మధ్యలో ఒకసారి అనేసి, ముక్కు చీదుకుంది. పుళ్ళు భగ్గుమన్నాయి. చూడామణి పళ్ళు బిగించి ఓర్చుకుంది. మడ్డి కరిగి నీళ్ళు నల్లగా కాలువలో పడుతుంటే ఆకాశం విరిగి మీద పడ్డట్టు వాన దిగింది. ఎన్ని వారాలు ఆపారో అన్ని వారాల వాన. పెంకులు మోగాయి, పెరడు మడుగైంది.

అందరూ అన్నీ ఎత్తుకోలేకపోయారు. పల్లపు చేలల్లో పనలు నానాయి. నూకయ్యవి సగం మొలకెత్తాయి, మోహనకృష్ణవి అంతకంటే ఎక్కువ. చూడామణి ఆ మొలకలు చూసి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. బుధవారం వచ్చేసరికి మళ్ళీ జడ విప్పింది.

బుధవారం, శనివారం. ఇంక ఆ రోజులు మారలేదు. రెండోసారి ఒక మోస్తరు వాన, ఆ తర్వాత జల్లు. సంక్రాంతి వెళ్ళేసరికి ఆమె తలకి పోసుకుంటే వీధి దుమ్ము అణిగేంత తుంపర, గంటలో ఎండ. ఇన్నేళ్ళూ తుపానని తిట్టుకున్నది తాము ఆపి ఆపి పెంచిందేనని ఊరికి అర్థమైంది. అర్థమైనంత మాత్రాన అందరూ క్షమించలేదు. నూకయ్య ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. కానీ బుధవారం పొద్దున్నే చాపలు మాత్రం ఎత్తుకుంటాడు.

పుళ్ళు మానాయి. నుదుటి పైన పసిపిల్లకి వచ్చినట్టు నూగు వచ్చింది. అది తడుముకున్నప్పుడల్లా చూడామణికి కౌముది గుర్తొచ్చేది, వాన ఆ పిల్ల తలలోనే ఉండిపోయిందో, వెనక్కి వచ్చేసిందో తెలియదు. పిల్ల తల కడగడానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు. తడిగుడ్డతో తుడిచి సరిపెట్టేది. చివరికి పిల్ల తల గోక్కోవడం చూసింది. ఆ ఆదివారమే పీట వేసింది.

రోడ్డు పొడుగునా మినుములు ఆరబోసి ఉన్నాయి. చూడామణి ఎవరికీ చెప్పలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి పైకే చూస్తోంది. చూడామణి మొదటి చెంబు పోసింది. రెండోది పోసింది. నురగంతా పోయేదాకా పోసింది. పీట చుట్టూ మట్టి, చెంబులోంచి ఒలికిన మేరే తడిసింది.

"అమ్మా, వాన్రాలేదేటి?" అంది కౌముది కళ్ళు నులుముకుంటూ.

"రాదమ్మా. నీది ఒట్టి జుట్టేనే."

పిల్లకి అదేదో లోటులా వినిపించింది కాబోలు, మూతి ముడిచింది. అంతలోనే వీధిలో ఎవరో పిలిస్తే తడిజుట్టు విరబోసుకుని, నీళ్ళు కారుస్తూ, ఆరబోసిన మినుముల పక్కనుంచి పరుగెత్తింది. అక్కడ కూర్చున్న కూర్మయ్య తలెత్తి చూశాడు. కాళ్ళతో మినుములు చిమ్మకే అని కసిరి, మళ్ళీ తన పనిలో పడ్డాడు.