లాంబ్రోస్ పెట్టిన పేరు

హైదో కన్న మగపిల్లలిద్దరికీ లాంబ్రోస్ అనే పేరే పెట్టారు. తొలి కొడుక్కి మగడి తండ్రి పేరు పెట్టడం ఆ కొండ ఊళ్ళలో ఎవరినీ అడగాల్సిన పని లేని విషయం. పెద్దవాడు ఏడాది నిండకుండానే జ్వరంతో పోయాడు. పోయినవాడి పేరు మళ్ళీ లేపాలన్నారు, రెండోవాడికీ అదే పెట్టారు. వాడు నడక నేర్చిన వారానికే పోయాడు. తాత లాంబ్రోస్ మాత్రం డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో గొర్రెల వెంట కొండ ఎక్కి దిగుతున్నాడు. ఒక్క పన్ను ఊడలేదు.

ఊరికి ఇంతకంటే ఏం కావాలి? ఊట దగ్గర బట్టలు ఉతికే ఆడవాళ్ళు తీర్పు చెప్పేశారు.

"ఒక పేరుకి ఒకటే ఆయుష్షు. ఆ ముసలోడు పసివాళ్ళ ఏళ్ళు తాగేస్తున్నాడమ్మా" అంది పక్కింటి పొలిక్సేని.

పెద్దవాడు పోయినప్పుడే ఆ గుసగుస మొదలైతే హైదో చెవులు మూసుకుంది. రెండోవాణ్ణి పూడ్చి వచ్చాక ఆ మాట తనూ అనసాగింది.

ఇప్పుడు మూడోవాడు పుట్టాడు. మగడు కోస్మాస్ తాపీపనివాళ్ళ ముఠాతో వెళ్ళాడు, చలికాలం దాకా రాడు. బాప్తిస్మం అయ్యేవరకు మగబిడ్డకి పేరుండదు. అందరూ ద్రాకో అంటారు, అంటే రాక్షసుడని. వీడికీ తాత పేరే పడితే వీడూ దక్కడని హైదోకి గట్టి నమ్మకం.

ఆమె కోరుకున్న పేరు జిసిస్. బతకాలి అనే మాటలోంచి పుట్టిన పేరది. గొప్ప వంశాలది కాదు, తల్లుల భయం కన్న పేరు. పిల్లలు నిలవని ఇళ్ళన్నీ దాన్నే పట్టుకుంటాయి కాబట్టి ఊళ్ళో జిసిస్‌లు ఏడుగురున్నారు. ఒకణ్ణి పిలిస్తే ఏడు గుమ్మాల్లో తలలు కనిపిస్తాయి. శ్మశానంలో చిన్న శిలువల మీద కూడా ఆ పేరు ఉందని అంటారు. హైదో వెళ్ళి చూడలేదు.

తాత పేరు తప్పించడానికి ఒకటే దారి ఉంది. పిల్లలు దక్కని తల్లి తెల్లవారుతుండగా బిడ్డని నాలుగు దారుల కూడలిలో పెట్టాలి. ముందుగా వచ్చి ఎత్తుకున్నవాడే జ్ఞానతండ్రి. అతని నోట వచ్చిందే పేరు, కన్నవాళ్ళయినా కాదనకూడదు. దేవుడికి వదిలేయడమని పైకి చెప్పుకుంటారు గాని, ఏ తల్లీ అంత అమాయకురాలు కాదు. హైదో తమ్ముడు వాయోస్‌తో ముందే మాట్లాడి పెట్టుకుంది.

"కోడి కూయగానే వచ్చెయ్‌రా. పడుకుండిపోయావంటే నీ మొహం చూడను."

"వస్తాలే అక్కా. ఎన్నిసార్లు చెప్తావు?"

ఆ వేకువన బిడ్డని గొంగళిలో చుట్టి కూడలిలో పెట్టి, రాతిగోడ వెనక కూచుంది. మంచు దట్టంగా ఉంది. అడుగుల చప్పుడయింది. తమ్ముడు రావలసిన వైపు నుంచే వస్తోంది గాని, తమ్ముడి నడక కాదు. కర్ర నేల మీద ఆనించుకుంటూ లాంబ్రోస్ వచ్చి, వంగి, బిడ్డని ఎత్తుకున్నాడు.

హైదో గోడకి మరింత అతుక్కుంది.

"బయటికి రా కోడలా" అన్నాడు ఆయన, గోడ వైపు చూడకుండానే. "నీ తమ్ముడు ఎదురొచ్చాడు. ఇంటికి పొమ్మన్నాను."

"వాణ్ణి నాకిచ్చేయండి మావయ్యా."

"ఇస్తాను. ఒకటి చెప్పు. ఊట దగ్గర వాళ్ళు అనే మాట నువ్వూ నమ్ముతున్నావా?"

అబద్ధం చెప్పాలనుకుంది.

"నమ్ముతున్నాను."

ముసలాయన తల ఆడించాడు. "ఎత్తినవాణ్ణి నేను. పేరు నేనే చెప్తాను" అని బిడ్డతో ఇంటి దారి పట్టాడు.

ఆదివారం బాప్తిస్మం. తల్లి చర్చికి వెళ్ళకూడదు. హైదో పొయ్యి ముందు కూచుని గంట మోగడం విన్నది. ఎంతకీ ఎవరూ రాలేదు. చివరికి పొలిక్సేని వగరుస్తూ వచ్చింది.

"పేరేమిటని ఫాదరుగారు రెండుసార్లు అడిగినా మీ మావయ్య నోరు విప్పలేదమ్మా. మూడోసారి జిసిస్ అన్నాడు. చర్చిలో అందరం బిత్తరపోయాం."

హైదో ఏడ్చింది. సంతోషం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది ఆ ఏడుపులో.

ఆ రోజు నుంచి లాంబ్రోస్ కొండ ఎక్కలేదు. తిండి సగానికి పడిపోయింది. ఏం బాధ అంటే ఏం లేదంటాడు. హైదో గంజి తాగిస్తూ ఒకనాడు అంది:

"ఈసారి పుట్టేవాడికి మీ పేరే పెడతాం."

"వద్దమ్మా. నాతోనే మట్టిలోకి పోనీ."

ఇంట్లో జిసిస్ మాత్రం రోజురోజుకీ ఒళ్ళు చేశాడు. ద్రాక్ష కోతలకి ముందే ముసలాయన కన్ను మూశాడు.

ఆయన పోయిన నలభయ్యో రోజున, ఆయన ఆత్మ కోసం, చర్చి వాకిట్లో ఉడికించిన గోధుమల్లో దానిమ్మ గింజలు కలిపి పంచారు. హైదో బిడ్డని చంకనేసుకుని పళ్ళెంతో నిలబడింది. పొలిక్సేని పిడికెడు తీసుకుంది గాని బిడ్డ బుగ్గ ముట్టుకోలేదు. పక్కనున్నావిడతో అంది, గొంతయినా తగ్గించకుండా:

"చూశావా, ఎలా బలిశాడో? పేరు పెట్టినవాణ్ణే మింగేశాడు."

పక్కనున్నావిడ తన మనవరాలిని చెయ్యి పట్టి అవతలికి లాక్కుంది. హైదో నోరు తెరిచింది. నా బిడ్డ ఎవరినీ మింగలేదని అనాలి. తాత కూడా ఎవరినీ మింగలేదని అప్పుడు ఎవరు అన్నారు? బిడ్డని గుండెకి అదుముకుని పళ్ళెం ముందుకి చాపింది. ఆ తరవాత ఎవరూ చెయ్యి పెట్టలేదు.