పదకొండు సెకన్లు పోను మిగిలిన నేను

నేను ఒక వీడియోని. పొడవు పంతొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. ఒంటి రంగు కాస్త పసుపు, ఎందుకంటే నన్ను తీసిన ఫోను అద్దానికి ఆ రోజు ఎవరి వేలి పసుపో అంటుకుంది. ఈ కాలపు మనుషులకి పంతొమ్మిది నిమిషాలంటే ఒక యుగం. నన్ను చివరిదాకా చూసినవాళ్ళ కంటే కాశీకి నడిచి వెళ్ళొచ్చినవాళ్ళే ఎక్కువమంది ఉంటారు.

గోదావరి కాలువ గట్టున వేములదిబ్బ అనే ఊళ్ళో, రామాలయం వెనకున్న మడపల్లిలో పుట్టాను. మడపల్లి అంటే స్వామికి నైవేద్యం వండే వంటిల్లు. నన్ను కన్నవాడు కోనే వీర్రాజు. ఎరువుల కొట్టు నడుపుతాడు, రాముడంటే ప్రాణం పెడతాడు. 'వేములదిబ్బ రామయ్య వైభవం' అని ఒక ఛానెల్ పెట్టాడు. దానికి నూట ఇరవై ఆరుగురు చందాదారులు. వాళ్ళలో సగంమంది కొట్టుకి వచ్చినప్పుడు ఫోను లాక్కుని అతనే గంట నొక్కి చేర్చుకున్నవాళ్ళు.

అది ఫాల్గుణ మాసంలో ఒక శనివారం. వంటస్వామి వరదాచార్యులు గారు పులిహోర కోసం చింతపండు రసం మరిగిస్తున్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆ పొయ్యి ఆయనదే. వీర్రాజు ఫోనుని ఉప్పు జాడీకి ఆనించి నిలబెట్టాడు.

"ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుత్తాదండి స్వామీ? రుచి సూడకూడదు కదా!"

"గుప్పెడు చెబుతుందయ్యా. పులుపు ముక్కు చెబుతుంది. పాకానికొచ్చిందో లేదో చెవి చెబుతుంది. బుడగ చిన్నదయ్యేకొద్దీ దాని గొంతు మారుతుంది, విను."

వీర్రాజు చెవి ఒగ్గి వినబోయాడు గానీ, వినిపించింది లారీ హారను. కొట్టుకి యూరియా వచ్చింది. భక్తుడు ఒక్క గెంతులో వీధిలో పడ్డాడు, ఫోను మాట మర్చిపోయి. నన్ను ఆపేవాళ్ళు లేక అలా పెరుగుతూ పోయాను.

అసలు సంగతి రెండో నిమిషం దాటాక జరిగింది. మరుగుతున్న రసం ఒక చుక్క ఎగిరి ఆచార్యులు గారి చూపుడువేలు మీద పడింది. కాలిన వేలు ఎవరిదైనా నోట్లోకే పోతుంది. చంటిపిల్ల వేలయినా, శాస్త్రం తెలిసిన వేలయినా అంతే. ఒక్క క్షణం. తర్వాత ఆయన ఆ వేలిని బయటికి తీసి, అది ఇంకెవరిదో అన్నట్టు చూశాడు. పొయ్యి ఆర్పాడు. నాలోంచి బయటికి నడిచి వెళ్ళిపోయాడు.

ఇక పదకొండు నిమిషాలపాటు నాలో ఏమీ లేదు. ఆరిన పొయ్యి, గంగాళం, గోడ మీద గడువు దాటిన కేలండరు. బయట నూతి గిలక కిర్రుమన్న చప్పుడు, తల మీంచి చేద తర్వాత చేద నీళ్ళు పడుతున్న చప్పుడు, మధ్యమధ్యలో వణుకుతున్న గోవింద నామం. ఒక పిల్లి వచ్చి, గంగాళం వాసన చూసి, ఇది మనకి పనికొచ్చేది కాదని నిర్ణయించుకుని వెళ్ళింది. తర్వాత ఆయన తడిపంచెతో వచ్చాడు. గంగాళంలో ఉన్నదంతా తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు మొదట్లో పోశాడు. గంగాళాన్ని చింతపండూ బూడిదా వేసి తోమాడు. వేరే చింతపండు నానేశాడు. మళ్ళీ పొయ్యి వెలిగించి దణ్ణం పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు వీర్రాజు రొప్పుకుంటూ వచ్చి, ఫోను తీసి, నా పీక నొక్కాడు.

వెనక్కి తిప్పి చూసుకుంటాడని ఆశపడ్డాను. చూసుకోలేదు. 'రామయ్య పులిహోర - మహాద్భుతం - తప్పక చూడండి' అని నా నుదుట రాసి లోకంలోకి వదిలాడు. తను చూడనిదాన్ని పదిమందిని తప్పక చూడమనడం మనుషులకి మొహమాటమే కాదు.

నేను వెళ్ళి పడ్డ లోకం సంగతి చెప్పాలి. తిరనాళ్ళే గానీ, దేవుడెక్కడున్నాడో ఎవరికీ తెలియని తిరనాళ్ళు. నా కుడి పక్కన ఒంటెకి క్షవరం చేస్తున్న వీడియో. ఎడమ పక్కన బురదలో నానిన తివాచీని అరగంట ఉతికే వీడియో. నా కింద ఒకాయన ఏమీ మాట్లాడకుండా కరకరమని అప్పడాలు నములుతుంటాడు, అంతే. పైన ఎక్కడో పెద్ద ఇనప యంత్రం పుచ్చకాయల్ని, బూట్లని, గడియారాల్ని నొక్కి చంపుతుంటుంది. వీటికి కోట్లలో జనం. నేను చిన్నబుచ్చుకోలేదు. సృష్టిలో దోమనీ ఏనుగునీ ఒకే దేవుడు చేశాడని నమ్మేవాళ్ళకి ఒంటె క్షవరం పక్కన పులిహోర ఉంటే ఆశ్చర్యమేముంది? నన్ను చూసినవాళ్ళు మాత్రం నలభై ముగ్గురు. అందులో ఇరవై సార్లు వీర్రాజే, సంఖ్య పెరిగిందేమోనని వచ్చి, మూడు సెకన్లుండి పోయేవాడు.

అలా ఉండగా ఎవరో నాలోంచి ఒక ముక్క కోశారు. ఏ ఊరివాడో నాకిప్పటికీ తెలియదు. అతని ఛానెల్ పేరు 'దిమ్మ తిరిగే నిజాలు'. సరిగ్గా పదకొండు సెకన్లు. గరిటె, వేలు, నోరు. వేలు ఎవరికీ కనబడదేమోనని దాని చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, బాణం గుర్తు పెట్టి, యుద్ధానికి బయల్దేరినట్టు డప్పులు కలిపి, 'స్వామికి ఎంగిలి నైవేద్యం!' అని తగిలించాడు.

నా ముక్క నన్ను మించిపోయింది. వారం తిరక్కుండా పద్ధెనిమిది లక్షలమంది చూశారు. కింద ఒకాయన 'కలికాలం' అని రాశాడు. ఒకావిడ 'మా ఊళ్ళో ఇంతకంటే ఘోరం' అని గొప్పగా రాసింది. ఇంకొకాయన పులిహోర కొలతలు అడిగాడు. ఒకాయనైతే జింకు ఎరువు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు, మా వీర్రాజు బేరగాడే అయ్యుంటాడు.

ఆ ముక్క ఆడిన చోటల్లా నాకూ ఒక చెవి ఉంటుంది. చూసేవాళ్ళ ముక్కులు కింది నుంచి కనబడతాయి. అందుకే శ్రీరామనవమికి తొమ్మిది రోజుల ముందు వేములదిబ్బ గుడి మండపంలో జరిగిన సమావేశం నాకు తెలుసు. ఆలయ కమిటీ అధ్యక్షుడు, ఊరి రైసుమిల్లు ఆసామి సూర్రావు గారు ఫోను పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా వరదాచార్యులు గారు నిలబడి ఉన్నాడు. ఆయనకి వేరే పని రాదు. వేరే కోరికా లేదు. ఏటా కల్యాణం రోజున తన చేత్తో వండినది రాముడి ముందు పెట్టి తెర వేయించడం, అంతే.

"ఏలు నోట్లో ఎట్టుకున్నారా, లేదా? అది సెప్పండి ముందు" అన్నారు సూర్రావు గారు.

"పెట్టుకున్నానండి."

"ఇంకేటండి మరి!"

"కాకపోతే, ఆ తర్వాత నేను..."

"తర్వాతేటండి! ఇదిగో, సూడండి" అని మళ్ళీ వేశారు. డప్పులు మోగాయి. ఆయన నోరు విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు రుజువు కోసం మళ్ళీ వేస్తున్నారు. నేను గొంతు చించుకుని చెప్పాలనుకున్నాను. కానీ నొక్కితే గానీ నాకు నోరు రాదు.

"ఒరే వీర్రాజూ, తీసింది నువ్వేగా? నువ్వక్కడే ఉన్నావుగా?"

"యూరియా లోడు వచ్చిందండి" అన్నాడు వీర్రాజు తల దించుకుని.

నాలుగోసారి డప్పులు మోగాక ఆచార్యులు గారు కండువా సర్దుకున్నాడు. "ముప్ఫై ఒక్కేళ్ళు నా చేతి ప్రసాదం తిన్నారు. మిగతాది ఆయన చూశాడు" అని గర్భగుడి వైపు చెయ్యి చూపించి, మడపల్లి తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. కల్యాణానికి టౌను నుంచి కేటరింగువాళ్ళని పిలవాలని తీర్మానం అయింది. ఆ రోజు నుంచి ఆయన వీధిలోకి రావడం మానేశాడు.

దేవుడు అన్నీ చూస్తాడని ఆ మండపంలో కూర్చున్న ఏడుగురూ నమ్ముతారు. మరి తామెందుకు పదకొండు సెకన్లతో సరిపెట్టుకున్నారో నాకు అర్థం కాలేదు. చూడ్డం ఆయన వంతు, తీర్పు చెప్పడం తమ వంతు అనుకున్నారేమో.

ఇక అచ్చియ్యమ్మ గారి దగ్గరికి వస్తాను. సూర్రావు గారి తల్లి. డెబ్భై ఎనిమిదేళ్ళు. కొడుకు తన పాత ఫోను ఆవిడకిచ్చాడు. ఆవిడకో పట్టింపు ఉంది. వ్రతం చేసుకున్నప్పుడు చేతిలో అక్షతలు పట్టుకుని కథ వినాలి. పూర్తయ్యాక వాటిని కొన్ని దేవుడి మీద, కొన్ని తమ నెత్తిన వేసుకోవాలి. మధ్యలో లేవకూడదు. లేస్తే కష్టాలు తప్పవు. ఆవిడ ఈ నియమాన్ని ఫోనుకి కూడా వర్తింపజేసింది. ఏది మొదలైతే అది చివరిదాకా చూసేది. ఒంటె క్షవరం పూర్తిగా చూసింది. తివాచీ ఉతకడం చూసి, "పాపం, బాగా తెల్లబడింది" అని ఆనందించింది. నలభై నిమిషాలు ట్రాక్టరు గేరుబాక్సు విప్పడం చూసి, మర్నాడు మిల్లు మెకానిక్కి సలహా చెప్పింది. ప్రకటనలు కూడా దాటించేది కాదు. పళ్ళపొడి అమ్మే పిల్లకి పెళ్ళి కావాలని దీవించేది.

కొడుకు భోజనం దగ్గర తీర్మానం సంగతి చెప్పి, ఆ ముక్క చూపించాడు. డప్పులు ఆగాయి.

"ఊఁ, తర్వాత?" అంది ఆవిడ.

"తర్వాతేటమ్మా? అంతే."

"అంతేటిరా! మొదలు లేదు, మంగళం లేదు. ఏలు నోట్లోకెందుకెళ్ళింది? ఎళ్ళినాక ఏం సేశాడు? కత మజ్జిలో ముక్క ఇరిచి నోట్లో ఎట్టేసి అంతే అంటావేటి?"

"అబ్బా! నీకు తెలీదులేమ్మా, ఇయ్యన్నీ ఇంతే ఉంటాయి."

ఆవిడ చెయ్యి కడుక్కుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా, "బాబూ, మన వేములదిబ్బ రామయ్య పులిహోర మొత్తం ఎయ్యి నాయనా" అంది. ఆ యంత్రానికి జీవితంలో మొదటిసారి ఎవరో మొత్తం అడిగారు. అది తడబడకుండా నన్ను తెచ్చి ఇచ్చింది.

అచ్చియ్యమ్మ గారు అక్షతలు పట్టుకుని పీట మీద కూర్చుంది. వేలు చూసింది. తర్వాత ఆరిన పొయ్యిని చూసింది. ఐదో నిమిషంలో నాకే నా మీద విసుగొచ్చింది, ఆవిడకి రాలేదు. పిల్లి వచ్చినప్పుడు "ఛీ, అవతలికి పో" అని అదిలించింది. చేద చప్పుళ్ళు వింటూ వేళ్ళ మీద లెక్కపెట్టింది. తడిపంచె కనబడగానే నిటారుగా కూర్చుంది. కొబ్బరిచెట్టు దగ్గర పారబోసిన చప్పుడికి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను పుట్టాక నాలో ఉన్నదాన్ని చూసి ఒకరు కళ్ళు తుడుచుకోవడం అదే మొదలు.

సాయంత్రం ఆవిడ కమిటీ ఏడుగురినీ మండపంలో కూర్చోబెట్టింది. ఫోనుని ఒక కొబ్బరికాయకి ఆనించి పెట్టింది. సూర్రావు గారి వేలు అలవాటు కొద్దీ నన్ను ముందుకి జరపబోయింది. ఆవిడ ఠపీమని చేతి మీద కొట్టి, ఆ చేతిలో గుప్పెడు అక్షతలు పోసింది. "ముయ్యి గుప్పెట! కత అయ్యేదాకా తెరిసేవంటే ఊరుకోను." తక్కినవాళ్ళ గుప్పెళ్ళలోనూ పోసింది. గుప్పెట మూసుంటే ఎవరి వేలూ నన్ను తాకలేదు. అంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

పంతొమ్మిది నిమిషాలు ఏడుగురు పెద్దమనుషులు ఆరిన పొయ్యిని చూశారు. మొదట్లో దగ్గారు, ఆవులించారు. ఒకాయన పిల్లి వచ్చినప్పుడు మాత్రం కాస్త ఉత్సాహపడ్డాడు. నూతి దగ్గర ఏడో చేద పడేసరికి దగ్గులు ఆగిపోయాయి. గంగాళం తోముతున్నప్పుడు సూర్రావు గారు తల ఎత్తలేదు. అయిపోయాక చాలాసేపు ఎవరూ గుప్పెట తెరవలేదు.

"ఎవురి నెత్తినేసుకుంటార్రా అచ్చింతలు?" అంది అచ్చియ్యమ్మ గారు. "పదండి ఆయనింటికి."

తాళంచెవి ఏడుగురూ కలిసి తీసుకెళ్ళి ఇచ్చారట. ఆయన అది తీసుకుని, "కల్యాణానికి కొత్త చింతపండు చెప్పించండి, పాతది నల్లబడింది" అన్నాడట. ఆ ఇంట్లో ఫోను లేదు. వీర్రాజు మర్నాడు కొట్టులో నలుగురికి చెబుతుంటే విన్నాను.

నవమి రోజున వీర్రాజు మడపల్లి గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని, లోపలికి రావడానికి జంకుతూ నిలబడ్డాడు. ఆచార్యులు గారు గరిటె ఆపకుండానే ఉప్పు జాడీ వైపు చూపించాడు.

"పెట్టుకో నాయనా. పర్వాలేదు. కాకపోతే, ఈసారి కూడా ఆపడం మర్చిపో."

అలా నాకొక తమ్ముడు పుట్టాడు. మూడు గంటల నలభై నిమిషాలు. వాడినెవరు చూస్తారో ఆ రాముడికే తెలియాలి, బహుశా ఆయనే చూస్తాడు.

నా ముక్క ఇంకా డప్పులు మోగించుకుంటూ తిరుగుతూనే ఉంది. ఇప్పుడు ఇరవై మూడు లక్షలు. నాకు అరవై ఒకటి. ఇందులో న్యాయం ఏమిటని అడగడం మానేశాను. వేములదిబ్బలో పులిహోర వండవలసిన చెయ్యి వండుతోంది. అరవై ఒకరు చాలినట్టే ఉంది.

అచ్చియ్యమ్మ గారు ప్రతి శనివారం నన్ను మళ్ళీ పెట్టుకుంటుంది. నిన్న కూడా చివరిదాకా చూసి, అక్షతలు కొన్ని తన నెత్తిన వేసుకుని, కొన్ని నా మీద వేసింది. వేసేటప్పుడు వేలు అద్దానికి తగిలింది. నేను మాయమై, నా పక్కనున్న ఒంటె క్షవరం మొదలైంది. ఆవిడ అది ఇదివరకే చూసింది. కోడలు లోపలి నుంచి కాఫీకి పిలుస్తోంది. లేవబోయి, ఒంటె వంక ఒక్కసారి చూసి, నిట్టూర్చి, మళ్ళీ గుప్పెట్లోకి అక్షతలు తీసుకుని పీట మీద కూర్చుంది.