ఇరవై వరసల అంకెలు

నాకు నోటి దురుసు. ఆఫీసులో అందరికీ తెలుసు, ఇంట్లో వాళ్ళకి మరీ తెలుసు. బడి గుమాస్తాగా తొమ్మిదేళ్ళ నుంచి ఆ కిటికీ వెనుక కూర్చుని ఎంతమంది తల్లిదండ్రుల మీద కసురుకున్నానో నాకే గుర్తులేదు. అలాంటిదాన్ని ఆ వారం నోరు మూసుకుని తిరుగుతుంటే పెద్ద మేడమే అడిగింది, "ఒంట్లో బాగాలేదా?" అని. ఒంట్లో బాగానే ఉంది. భయం, అంతే.

మా పిచ్చుక అదే బడిలో మూడో తరగతి. పిచ్చుక అంటే మా అమ్మాయి. ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం. పిలిస్తే పలకదు. పలికితే "ఏంటమ్మా?" అంటుంది. "చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, సంచి లోపల పెట్టు" అంటే చెప్పులు విప్పి నా మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. డాక్టరుకి చూపించాం. చెవులు బంగారంలా ఉన్నాయన్నాడు. ఇంకేం, ఇది మొండితనమే అని తేల్చేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందే నీతో అని రోజుకు నాలుగుసార్లయినా అనేదాన్ని. కుక్కరు కూతల మధ్య పిలిచి పిలిచి ఒళ్ళు మండి, రెండు మూడుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను.

అప్పుడొచ్చింది, పెద్దాసుపత్రి నుంచి ఆ పరీక్షలావిడ. చిన్న తరగతుల పిల్లలందరినీ పుస్తకాల గదిలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చూస్తుందట.

"కొందరు పిల్లలకి చెవి బాగానే పనిచేస్తుందండీ. విన్నదాన్ని విడదీసి సర్దుకోవడమే మెదడుకు కష్టం. చుట్టూ గోలగా ఉంటే మరీ. పాపం, ఇలాంటి పిల్లల్ని అందరూ మొండిఘటాలనుకుంటారు," అని నా కిటికీ దగ్గర నిలబడి మామూలుగా చెప్పేసింది. అచ్చం మా పిచ్చుకే.

నా భయం జబ్బు గురించి కాదు. పోయిన ఏడాది నాలుగో తరగతి పిల్లాడొకడు చదువులో వెనకబడుతున్నాడని, వాడికి తగిన బడి వేరే ఉందని పెద్ద మేడమ్ ఉత్తరం రాయించింది. టైపు చేసింది నేనే. వాళ్ళమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని, "ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వండమ్మా" అని ఏడుస్తుంటే, "నా చేతుల్లో ఏముంది? పక్కకి జరుగు, వెనక వాళ్ళున్నారు" అన్నాను. ఆ బడికి రెండు బస్సులు మారాలి. నెల తిరక్కుండానే ఆ పిల్లాడు చదువు మానేశాడని విన్నాను. పరీక్షలావిడ కాగితంలో పిచ్చుక పేరు ఎదురుగా ఒక్క గుర్తు పడితే చాలు, తరవాతి ఉత్తరం నా కూతురికే.

పరీక్షలావిడ మార్కుల కాగితం ఒకటి ఇచ్చి అరవై కాపీలు తియ్యమంది. పరీక్ష ఏమిటంటే, హెడ్‌ఫోన్లు పెడతారు. కుడి చెవిలో రెండు అంకెలు వినిపిస్తాయి, సరిగ్గా అదే సమయానికి ఎడమ చెవిలో వేరే రెండు. పిల్లలు నాలుగూ తిరిగి చెప్పాలి. అలాంటి వరసలు ఇరవై. ఆవిడ సరిచూసుకోవడానికి వీలుగా అంకెలన్నీ కాగితం మీదే అచ్చువేసి ఉన్నాయి. మిషను దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. అరవై ఒకటి తీశాను.

చెబితే దానికి ఎక్కదని తెలుసు కాబట్టి పలక మీద రాసి నేర్పాను. రెండు సాయంత్రాల్లో ఇరవై వరసలూ గడగడా అప్పజెప్పేసింది! నాకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. ఇంత జ్ఞాపకం ఉన్న పిల్లని ఎవరే పనికిరాదనేది!

మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "దొంగ పని నేర్పిస్తున్నావే దానికి" అన్నాడు.

"మీరు బస్సులు రెండు మారి దింపొస్తారా రోజూ? రారు కదా? అయితే నోరు ముయ్యండి," అన్నాను. ఆయన ముయ్యడం నాకు కొత్త కాదు.

పిచ్చుకకు ఇంకా జాగ్రత్తలు చెప్పాను, మొహం చేతుల్లోకి తీసుకుని మరీ. "హెడ్‌ఫోన్లు పెట్టాక మొదలెట్టు. ఒక్కో వరసకీ ఆగు. ఏడో వరసలో ఒకటి, పదమూడులో ఒకటి తప్పు చెప్పు. అన్నీ కరెక్టుగా చెబితే అనుమానమొస్తుంది." అది తలూపింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో రోజు దాని వంతు వచ్చింది. తరగతి నుంచి పిల్లల్ని తీసుకెళ్ళేది నేనే. వరండాలో నడుస్తుంటే దాని చెయ్యి తడిగా, చల్లగా ఉంది. పుస్తకాల గది గుమ్మంలో వదిలి వెనక్కి తిరగబోతుంటే పరీక్షలావిడ పిలిచింది.

"మీరూ కూర్చోండి. పాప బెదిరిపోయినట్టుంది."

కాదనడానికి సాకు దొరకలేదు. దాని వెనుక, బీరువా పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ పిచ్చుకకు హెడ్‌ఫోన్లు తగిలించి, నా వైపు వంగి మెల్లగా అంది, "నేను మొదటి నిమిషం ఏమీ వినిపించనండీ. పిల్లలు కుదురుకోవాలి. నా అలవాటు."

చెప్పాలి దానికి. ఎలా చెప్పను? వీపు నా వైపు. చెవులు మూసి ఉన్నాయి. అరిచినా వినపడదు, లేచి భుజం తడితే దొరికిపోతాను. ఆగవే, ఆగు, ఇంకా ఏమీ లేదు, అని లోపల్లోపలే మొత్తుకుంటున్నాను.

దాని భుజాలు బిగుసుకున్నాయి. ఒకసారి ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ నవ్వింది. అంతే.

"రెండు, ఏడు, ఐదు, ఎనిమిది," అంది పిచ్చుక.

ఆవిడ చెయ్యి ల్యాప్‌టాప్ కీబోర్డుకి దూరంగా బల్ల మీదే ఉంది.

"నాలుగు, ఒకటి, తొమ్మిది, మూడు." ఆగింది. నేను చెప్పినంతసేపూ ఆగింది. "ఆరు, ఎనిమిది, రెండు, ఐదు."

ఆవిడ ఆపలేదు. మార్కుల కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరసా కిందికి జరుపుకుంటూ పోయింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను కదలకుండా కూర్చున్నాను. ఏడో వరసలో పిల్ల ఒక తప్పు చెప్పింది. పదమూడులో ఇంకోటి. ఎంత బుద్ధిగా చెప్పిందో! గొంతు సన్నబడిపోతోంది, అయినా ఆపలేదు. ఇరవయ్యో వరస అయ్యాక ఆవిడ లేచి హెడ్‌ఫోన్లు తీసింది. అప్పుడు గానీ తెలియలేదు నాకు, అది మొదటి నుంచీ ఏడుస్తోందని.

ఆవిడ దాని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. నా వైపు చూడలేదు. "ఎందుకమ్మా ఏడుస్తున్నావు? అన్నీ చెప్పేశావుగా?"

"నాకు ఒక్కటి కూడా వినపడలేదు," అంది పిచ్చుక వెక్కుతూ. "మీరు పెట్టారు కదా... నాకే వినపడలేదు... క్లాసులో కూడా ఇంతే. అందరికీ వినపడుతుంది, నాకే వినపడదు. అమ్మకు చెప్పకండి."

నేను అక్కడే ఉన్న సంగతి కూడా మరిచిపోయింది. అమ్మకు చెప్పొద్దట! జబ్బు ఉంటే దాన్ని ఎక్కడికో పంపేస్తారని నేను వణుకుతున్నాను. వినపడదన్న సంగతి నాకు తెలిసిపోతుందని అది వణుకుతోంది, ఎన్నాళ్ళ నుంచో ఏమో.

"కాగితం నేనే దొంగిలించానండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దానికేమీ తెలీదు. నేనే నేర్పాను."

ఆవిడ తలెత్తింది. "తెలుస్తూనే ఉంది. నా దగ్గర ఇంకో లిస్టుంది, దాంతో చూడొచ్చు. ఇది మొదటి వడపోత మాత్రమే, తేడా ఉంటే పెద్ద పరీక్షకు పంపిస్తాం. కానీ ఉన్నదున్నట్టు రాస్తాను. రాశాక మీ పెద్ద మేడమ్ ఏం చేస్తారో నా చేతుల్లో లేదు."

నా చేతుల్లో ఏముంది అనే మాట ఎదుటివాళ్ళ నోటి నుంచి వింటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇంటికి తీసుకెళ్ళిపోతానని నోటి దాకా వచ్చింది. జ్వరమని చెప్పొచ్చు, వాయిదా వేయించొచ్చు. ఆ వాయిదాలో అది ఇంకో ఏడాది మొహాలు చూసి ఊహించుకుంటూ, ఏడుపు దిగమింగుకుంటూ కూర్చుంటుంది.

"పెట్టండి," అన్నాను.

పిచ్చుక గిరుక్కున తిరిగింది. నన్ను చూసి దాని మొహం పాలిపోయింది. "అమ్మా, అది నాకు రాదు. అది నువ్వు నేర్పలేదు."

"రాకపోతే రాలేదని చెప్పు."

"ఏంటమ్మా?"

స్టూలు ఈడ్చుకెళ్ళి దాని ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. దాని రెండు చేతులూ పట్టుకుని, నెమ్మదిగా, ఒక్కో మాటే చెప్పాను. "వినపడితే చెప్పు. వినపడకపోతే, రాలేదని చెప్పు."

"కొడతావా?"

"కొట్టను."

నమ్మలేదు. నా మొహంలో వెతుక్కుంది, చాలాసేపు. పరీక్షలావిడ హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టి, ఈసారి ముందే వేలు చూపించి మీట నొక్కింది. పిచ్చుక కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ తెరిచి నన్నే చూసింది.

"రాలేదు," అంది.

నేను తలూపాను. ఆవిడ కాగితం మీద రాసుకుంది. తరవాతి వరస మొదలైంది.