గోడ మీద చేపలు

పొద్దున్నే లేస్తూనే యుగంధర్ గుట్కా పొట్లం చింపి నోట్లో ఒంపుకునేవాడు. మంచం దిగేవాడు కాదు. ఓ పక్కకి ఒరిగి గోడ మీదకి తుపుక్కుమని ఉమ్మేవాడు. తర్వాత తన ఆటో తీసుకుని విజయనగరం బస్సు కాంప్లెక్స్ దగ్గరికి బేరాలకి పోయేవాడు. పెళ్ళాం రేఖ ముక్కుకి కొంగు కట్టుకుని బ్రష్షుతో గోడ తోమేది. ఎర్రటి చారలు పల్చబడేవే గాని పోయేవి కావు. అన్నం తింటుంటే ఆ గోడ కంటబడేది. ముద్ద కంచంలోకి జారిపోయేది.

ఆ గోడ కనబడకుండా చెయ్యాలని ఆమె కిరాణా కొట్టులో పారేసిన అట్టపెట్టెలు తెచ్చి చేపల్లా కోసింది. పాత సీడీలు వేడినీళ్ళలో నానబెట్టి, పొలుసుల్లా కత్తిరించి జిగురుతో అంటించింది. కళ్ళకి గాజుముక్కలు, తోకలకి గోనెపీచు. నోళ్ళు మాత్రం తెరిచి ఉంచింది. మూస్తే చచ్చిన చేపల్లా ఉంటాయనిపించింది. గుంపంతా గోడకి తగిలించేసరికి గది తళతళలాడింది.

మర్నాడు యుగంధర్ ఎప్పటిలాగే ఉమ్మాడు. పెద్ద చేప తల తిప్పి, దాన్ని గాల్లోనే అందుకుని గుటుక్కున మింగింది.

"బాగున్నాదే ఇది! ఇంక తోమక్కర్నేదు నీకు," అన్నాడతను సంబరంగా.

అద్దెకిచ్చిన ఇంటావిడ దాలమ్మ వచ్చి చూసింది. "సేపలు కదేటమ్మా, నోటికాడికి ఏటొస్తే అది మింగుతాయి. మాకూ ఓ రెండు సేసిపెట్టు," అని వెళ్ళిపోయింది.

గోడ శుభ్రపడింది గాని రేఖకి రోత ఎక్కువైంది. అతను కుక్కల్ని పిలిచినట్టు "దా, దా" అంటూ మరీ ఉమ్మేవాడు. ఆమె ముచ్చటపడి చేసిన చేపలు పొట్టలుబ్బి, ఎర్రగా చెమ్మగిల్లి వేలాడేవి. వాటి కింద పడుకోలేక వంటింట్లో చాప వేసుకునేది. ఆఖరికి ఓ ఉదయం బట్టలు సర్దుకుంది.

"శృంగవరపుకోట పోతన్నాను, అమ్మకాడికి. నా వల్ల కాదు."

"పో," అని అతను ఉమ్మాడు.

చేపలు మింగలేదు. అన్నీ ఒక్కసారే మొహాలు గోడవైపు తిప్పేసుకున్నాయి. ఉమ్ము గోడ మీద పడి, సాగుతూ కిందికి దిగింది. గుమ్మం దాటబోతున్న రేఖ దాన్ని చూసి ఆగిపోయింది. ఆ రంగు ఆమె రోజూ తోమిన రంగు కాదు. అందులో నెత్తురు గడ్డలున్నాయి.

"మావా, నీ నోరు సూడనీ."

"నాకేటయిందే? పోతానన్నావు కదా, పో."

ఆమె బలవంతంగా దవడ పట్టుకుని చూసింది. బుగ్గ లోపల తెల్లటి పుండు. కుళ్ళు వాసన గుప్పున కొట్టింది. రేఖ తూముదాకా పరిగెత్తి వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని వచ్చి, సంచి పక్కన పెట్టి, అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఇంకొన్నాళ్ళు ఆగుంటే దవడ తీసెయ్యాల్సొచ్చేది," అన్నాడు డాక్టరు. పుండున్నంత మేరా కోసి కుట్లు వేశారు.

వార్డులో రేఖ చెంచాతో జావ పట్టింది. సగం లోపలికి పోయి, సగం చీముతో కలిసి ఆమె వేళ్ళ మీదకి కారింది. యుగంధర్ చాలాసేపు ఆమె మొహమే చూశాడు.

"సీదరగా నేదేటే నీకు?" అన్నాడు ముద్దముద్దగా.

"సీదరే," అంది రేఖ. వేళ్ళు తుడుచుకుని చెంచా మళ్ళీ నింపింది.

"నోరు తెరు."