చుక్కకీ చుక్కకీ మధ్య

పొద్దున తొమ్మిదిన్నరకల్లా ఆమె కంప్యూటర్ ముందు కూర్చునేది. తెర నిండా సన్నటి చుక్కల వరసలు. వాటి మీద బటన్లూ, వివరాలు రాసే గళ్లూ పెట్టి, మూల పట్టుకుని లాగి పెద్దవి చేసి, చిన్నవి చేసి, అన్నిటి అంచుల్నీ ఒక్క వరసలోకి తేవడం ఆమె పని. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే, మా నాన్న చేసేదే చేస్తున్నానని చెప్పేది.

వాళ్ల నాన్న వడ్రంగి. నలభై ఏళ్లు తలుపులు బిగించాడు. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి.

ఆ మధ్య వాళ్ల ఆఫీసుకి అంబులెన్సుల ఫోన్ గదికి కొత్త తెర చేసే పని వచ్చింది. అక్కడ ఇరవై రెండేళ్లుగా ఫోన్లు తీస్తున్న ఆవిడని అందరూ ఫోనమ్మ అనేవాళ్లు. ఊళ్లో సందులన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఏడుపు ఆపుకోలేనివాళ్ల చేత కూడా రెండు మాటల్లో చిరునామా చెప్పించగలదు. కాకపోతే కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయి, తెర మీద ‘బండి పంపు’ నొక్కబోయి పక్కనున్న ‘రద్దు’ నొక్కేస్తోంది. నెలలో మూడుసార్లు అలా జరిగింది. వెంటనే సరిదిద్దుకుంది కాబట్టి సరిపోయింది. కొత్త తెర మీద కూడా పొరబడితే ఆమెని కాగితాల గదిలో కూర్చోబెడతామని పైవాళ్లు తేల్చి చెప్పేశారు.

వడ్రంగి కూతురు మూడు రోజులు తంటాలు పడింది. బటన్ పెద్దది చేస్తే చిరునామా గడికి చోటు చాలలేదు. దూరం జరిపితే చేతికి అందలేదు. ఫోనమ్మ వచ్చి నొక్కి చూసేది, నాలుగైదుసార్లకొకసారి తప్పేది, తప్పినప్పుడల్లా ఈ పిల్లనే క్షమించమనేది.

నాలుగో రోజు మధ్యాహ్నం, కూతురు ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి నాన్న ఆఫీసుకొచ్చాడు. ఇచ్చి వెళ్లకుండా తెర వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అది కుదరలేదమ్మా."

"లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది నాన్నా."

"లెక్క సరే. దాన్ని నొక్కేదెవరు?"

ఫోనమ్మ పక్కనే ఉంది. ఆయన ఆమెని చెయ్యి చాపమన్నాడు. వేళ్లు ఎటు వంగాయో, మణికట్టు ఎక్కడ ఆనుతుందో, గుమ్మం కొలత తీసుకునేవాడిలా ఓపిగ్గా చూశాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, తెరలోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టాడు.

అటుగా పోతున్న మేనేజరు, చెయ్యి ఎప్పుడు తీస్తారో చెబితే ఫైలు సేవ్ చేసుకుంటామన్నాడు. పది నిమిషాలన్నాడు ఆయన.

మౌస్‌తో లాగితే బటన్ ఈ చుక్క దగ్గరో, ఆ చుక్క దగ్గరో ఆగుతుంది. ఆయన దాన్ని చుక్కకీ చుక్కకీ మధ్య ఆపాడు. కింది అంచు బొటనవేలితో సాగదీశాడు. కుడి మూల కాస్త లోపలికి ఒత్తాడు. ‘రద్దు’ని పైకి నెట్టాడు. చెయ్యి వణుకుతూనే ఉంది, ఆ వణుకుతోనే బటన్ వెంట్రుకవాసి చొప్పున జరుగుతోంది. కూతురు ముందుకి వంగి చూసింది. ఆ వేళ్లు తన వేళ్లలాగే ఉన్నాయని ఆమె అంతవరకూ ఎన్నడూ గమనించలేదు.

"ఇప్పుడు నొక్కు చెల్లెమ్మా," అన్నాడు చెయ్యి తీసి, తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కుంటూ.

ఫోనమ్మ యాభైసార్లు నొక్కింది. తర్వాత కళ్లు మూసుకుని నొక్కింది. ఒక్కసారీ తప్పలేదు.

సోమవారం ఫోన్ గదిలో కొత్త తెర పెట్టారు. పైవాళ్లు వెనక నిలబడ్డారు. మొదటి ఫోన్, మెట్ల మీంచి పడ్డ తల్లి గురించి. అవతలివాడు చిరునామా పూర్తి చేసేలోపే బండి గేటు దాటింది. కాగితాల గది మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పైగా, కొత్తగా చేరే నలుగురికి పని నేర్పమని ఆమెకే అప్పగించారు.

తెర ఎవరు చేశారని అడిగితే, కూతురు తల ఎత్తి, "మా నాన్నండీ," అంది. సాయంత్రం వీధిలో అదే మాట అడిగినవాళ్లకి ఆయన, "మా అమ్మాయి," అన్నాడట. ఇద్దరిలో ఎవరిది నిజమని ఫోనమ్మని అడిగారు కానీ, ఆమెకి జవాబు చెప్పే తీరిక లేదు. అప్పటికే చెవి దగ్గర ఫోన్ పెట్టుకుంది.

"చెప్పు బాబూ, ఎక్కడున్నావు?"