బొమ్మ రాని చోట

"టీ అయిపోయింది, కోడలు పిల్లా!" లోపలి గదిలోంచి అత్తగారు కల్‌బూబూ కేక వేసింది.

వంటింటి కిటికీ గట్టు మీద తెరిచిపెట్టిన లాప్‌టాప్‌ని వదిలి సైకాల్ లోపలికి వెళ్లి, నలుగురు చుట్టాల గిన్నెల్లోనూ టీ పోసింది. సగానికే. గిన్నె నిండా పోస్తే "తాగి ఇక బయల్దేరండి" అన్నట్టు. సగం పోసి, అది అయ్యాక మళ్లీ సగం పోస్తూ ఉంటే మర్యాద. ఆ మర్యాదంతా కోడలి మోకాళ్ల మీద నడుస్తుంది. పొద్దున భర్త ఎర్మెక్ బూట్లు వేసుకుంటూ, "కంప్యూటర్ పనేగా, ఎక్కడ కూర్చుని చేస్తే ఏం? అమ్మ చుట్టాల్ని పిలిచింది, ఇవాళ ఇంట్లోనే ఉండు" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఆమె మెయిళ్లు తయారుచేసి పంపే, ఉన్ని తివాచీలు విదేశాలకు అమ్మే చిన్న కంపెనీ యజమాని కదీర్‌బెక్. అందరిచేతా "బైకే" అని, అంటే అన్నయ్యా అని పిలిపించుకుంటాడు.

"సైకాల్, నౌరూజ్ పండగ మెయిల్లో ఆ రాతలన్నీ తీసెయ్. అజాత్ చేసిన బొమ్మ ఒక్కటే వెళ్లాలి."

"బైకే, చాలామంది మెయిల్‌పెట్టెలు వాళ్లు సరేననేదాకా బొమ్మని చూపించవు. ఉన్నదంతా బొమ్మలోనే పెడితే వాళ్లకి ఖాళీ గడే కనిపిస్తుంది."

"నా దగ్గర కనిపిస్తోందిగా!"

"మీ దగ్గర కనిపిస్తుంది, కానీ..."

"అబ్బబ్బ, నువ్వూ మా ఆవిడలాగే మొదలెట్టావ్. మూడింటికి నలభై వేల మందికీ వెళ్లిపోవాలి. ఏదైనా అయితే సర్దడానికి నువ్వున్నావుగా."

నువ్వున్నావుగా. పోయిన శరదృతువులోనూ ఇంతే. కంపెనీకి బొమ్మలు చేసే అజాత్, ఆఫీసు లోపలి కంప్యూటర్లో ఉన్న బొమ్మకే దారి చూపించి మెయిల్ పంపాడు. ఆఫీసులో అందరికీ కనిపించింది, అందరూ చప్పట్లు కొట్టారు. బయట లోకానికి మాత్రం తెల్లటి గళ్లు వెళ్లాయి. ఆ బొమ్మల్ని నెట్‌లో అందరికీ అందే చోట పెట్టి, బరువు తగ్గించి, వెడల్పూ ఎత్తూ రాసి, బొమ్మ రాకపోయినా చోటు చెదరకుండా వెనక రంగు వేసి, రెండు రోజులు కూర్చుని మెయిల్ మళ్లీ పంపి నిలబెట్టింది తను. మీటింగులో కదీర్‌బెక్, "చివరికి మన అజాత్ బొమ్మే గెలిచింది" అన్నాడు. బొమ్మ కనిపిస్తే అది బొమ్మ గొప్పతనం. కనిపించకపోతే సైకాల్ ఎక్కడ? ఇంట్లోనూ అంతే. అన్నీ అమరి ఉన్న రోజు ఆమె లేనట్టే. ఉప్పు తగ్గిన రోజే ఆమె ఉన్నట్టు. ఇన్నేళ్లూ దీన్ని ఓర్పు అనుకుంది. ఓర్పు కాదు, లోపల ఒక్కొక్కటిగా పేరుకున్న కోపమే, పేరు మార్చుకుని బతుకుతోందని ఇప్పుడు తెలిసింది.

అజాత్ బొమ్మ తెరిచింది. ఎర్రటి తివాచీ, పొట్టేలు కొమ్ముల అల్లిక. మూలన బంగారు రంగులో "రూపకల్పన: అజాత్". ఆ ఎడమ అంచున ఒక కొమ్ము కాస్త వంకర. ఆ వంకర ఆమెకు తెలుసు. నారిన్‌లో, పుట్టింట్లో పొయ్యి పక్కన, వాచిన బొటనవేలితో సూది లాగలేక అమ్మ "పోనీలే, పొట్టేలుకి మాత్రం రెండు కొమ్ములూ సమానంగా ఉంటాయా?" అని నవ్వింది. అజాత్ చేసిందల్లా ఫోటో తీయడం.

రాతలన్నీ తీసేసింది, చెప్పింది చెప్పినట్టే. ఒక్క చోటు మిగిలింది. బొమ్మ రాకపోతే దాని బదులు కనిపించడానికి బొమ్మ వెనక దాచిపెట్టే వాక్యం. ఎప్పుడూ అక్కడ "ఉన్ని తివాచీ, పండగ తగ్గింపు" అని రాసేది. అది చెరిపేసి ఇలా రాసింది: "ఈ తివాచీని నారిన్‌లో బుర్మకాన్ ఒక చలికాలమంతా కూర్చుని కుట్టింది. ఈ మాట మీదాకా తెచ్చింది ఆమె కూతురు సైకాల్."

కదీర్‌బెక్‌కి ఒక నమూనా పంపింది. ఆయన ఎప్పటిలాగే తన కంప్యూటర్లోనే చూసుకున్నాడు.

"చూశావా? నా దగ్గర బ్రహ్మాండంగా ఉంది. అనవసరంగా భయపెడతావ్. పంపెయ్!"

"అవును బైకే. మీ దగ్గర బాగానే ఉంటుంది."

మూడింటికి మీట నొక్కింది. నాలుగు నిమిషాలకు ఎవరో తెలియని ఊరి నుంచి మొదటి జవాబు వచ్చింది: "నాకు బొమ్మ రాలేదు. బుర్మకాన్ కుట్టినవి ఇంకా ఏమున్నాయి?"

"ఎక్కడ చచ్చావే! గిన్నెలు ఎండిపోతున్నాయి ఇక్కడ!" లోపల్నించి అత్తగారి కేక.

సైకాల్ కెటిల్ తీసుకుని లోపలికి వెళ్లింది. అత్తగారి గిన్నె నిండా పోసింది, అంచు దాకా. తర్వాత ఒక్కొక్కరిదీ. పెద్దావిడ ఒకామె గిన్నె వంక చూసి, సైకాల్ వంక చూసింది.

"ఇదేంటమ్మా, మమ్మల్ని లేచి పొమ్మంటున్నావా?"

సైకాల్ ఇంకో గిన్నె తీసి తనకీ నిండా పోసుకుని, కోడలు కూర్చునే తలుపు దగ్గర కాదు, వాళ్ల మధ్యన జరిగి కూర్చుంది.

"లేదు పెద్దమ్మా. ఇక నేను లేవనంటున్నాను."