పెనానికి వీపు

ఆ ఉదయం ఆకాశం మడ్డి తీయని చెరకు రసంలా ఉంది. కొండల మీది మబ్బు రావికమతం వైపు జారుతోంది. నానాజీ గానుగ పెరట్లో చెరకు పిప్పి ఆరబోస్తూ మాటిమాటికీ పైకి చూశాడు. తడిసిన పిప్పి మండదు. మంట తగ్గితే పెనంలో రసం పాకానికి రాదు.

కిందటేడు దాకా ఆ పెనం అతనిదే. పద్దెనిమిదేళ్లు పాకం చూశాడు. తెడ్డు చివరి బొట్టును నీళ్లలో వేసి, రెండు వేళ్ల మధ్య ఉండ చేసి, ‘దించండి’ అనే మాట అతనే అనేవాడు. సెగకు కుడి ముంజేతి మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. ఆ రెండు వేళ్ల చివర్లూ గీతలు చెరిగి నున్నబడ్డాయి. ఇప్పుడు వాటి మీద పిప్పి గీసిన కోతలు.

తన తల్లి పోయాక ఇంట్లో పిల్లల్ని చూసేవాళ్లు లేరు. భార్య కన్యక ఆరింటికి కంపెనీ బస్సెక్కితే మళ్లీ దీపాల వేళకే రావడం. సెలవు రోజుల్లో పిల్లల్ని గానుగకే తెచ్చుకునేవాడు. ఒకరోజు అతను పెనంలో బుడగలు చూస్తుండగా ఏడేళ్ల ధనశ్రీ కెవ్వుమంది. నాలుగేళ్ల బుజ్జి కాలివేళ్లు పొయ్యి అంచు మీద ఉన్నాయి. తను చేయెడు దూరంలోనే నిలబడి ఉన్నాడు. చూడలేదు.

మర్నాడే ఆసామి దేవీప్రసాద్‌ని పిప్పి పని అడిగాడు. మూడింటికి వదిలేస్తే చాలు, స్కూలు వ్యానుకు ఎదురెళ్లాలన్నాడు.

“పాకం సూసిన సెయ్యి పిప్పి ఎత్తుతాదేట్రా?” అన్నాడు ఆసామి.

అప్పటినుంచీ పెనానికి వీపు పెట్టి బతుకుతున్నాడు. దాన్నిప్పుడు చూసేది అతని దగ్గర పని నేర్చిన అప్పలరాజు.

“ఏటి మామా, పిప్పికి పాకమొచ్చిందా?” అని నవ్వాడు అప్పలరాజు, పొద్దున్నే.

“ముందు నీ మంట సూసుకోరా.”

మధ్యాహ్నం తుంపర పడింది. పిప్పి చెమ్మగిల్లింది. మూడవుతుండగా నానాజీ మొలతాడుకున్న ఇంటి తాళంచెవి తడుముకుని చెప్పులు వేసుకున్నాడు. వెనక బుడగల మోత బరువెక్కింది. చూడకుండానే తెలిసింది, పెనం చెడుతోంది.

“మామా, మంట నిలబడ్లేదు. ఓపాలి సూసెల్లు. నీ కాళ్లట్టుకుంటాను.”

తెడ్డు అందుకోవాలని చెయ్యి లాగుతుంటే నానాజీకి భయం వేసింది.

“ఒక్క నిమిషమే,” అన్నాడు.

ఆ తర్వాత లోకం పెనమంత అయిపోయింది. పొడి పిప్పి ఏరించి పొయ్యిలో పెట్టించాడు. బొట్టు తీశాడు, ఉండ చేశాడు, మళ్లీ తీశాడు. “దించండి!” అని తలెత్తేసరికి నాలుగు దాటింది.

రోడ్డు మీదికి పరుగెత్తాడు. వ్యాను ఆగేచోట ఎవరూ లేరు. టీ కొట్టు అప్పలనర్సమ్మ బయటికొచ్చింది.

“నీకోసం సేనాసేపు సూసేర్రా పిల్లలు. ఇంటికి తాళముంటాది, నాన్న కాడికే ఎల్తామని పొలాలంట ఎలిపోనారు.”

పెనం దించాక పొయ్యి నోరు తెరుచుకుని ఉంటుంది. లోపలంతా నిప్పులు. దించమన్నది తనే. గట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. గానుగ పాకను చూస్తున్నాడు గానీ, అటునుంచి ఏ కేక వస్తుందో వినడానికి ధైర్యం చాలలేదు.

పాకలో అందరూ వంగి బెల్లం దిమ్మలు పోస్తున్నారు. ఈ చివర గుంజ దగ్గర బుజ్జి ఏడ్చి ఏడ్చి వెక్కుతున్నాడు. వాడి మణికట్టు గుంజకు కట్టేసి ఉంది. పక్కన జడలు విడిపోయిన ధనశ్రీ, రెప్ప వేయకుండా తమ్ముణ్ణే చూస్తోంది.

“ఈడు పొయ్యి కాడికెలిపోతన్నాడు. నువ్వు లేవు. అందుకే రిబ్బన్లతో కట్టేసేను,” అంది, తల తిప్పకుండా.

నున్నటి వేళ్లకు ముడి పట్టు దొరకలేదు. మణికట్టు దగ్గర పళ్లతో కొరికి తెంపాడు.

దేవీప్రసాద్ దిమ్మ ఒకటి గోటితో గీకి చూసి, “రేపట్నుంచి పెనం నీదేరా,” అన్నాడు.

“రేపట్నుంచి పిప్పిక్కూడా రాను బాబూ.”

“మరేటి సేత్తావు?”

నానాజీ కొడుకుని భుజానికెత్తుకుని, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

దీపాలు పెట్టాక నలుగురూ అన్నానికి కూర్చున్నారు. కన్యక పిల్లాడి మణికట్టు మీది ఎర్రటి గీత చూసింది. కూతురి విడిపోయిన జుట్టు చూసింది. మొగుడి మొహం చూసి, చారు పోసింది. ధనశ్రీ ఎడమచెయ్యి తమ్ముడి చొక్కా అంచు పట్టుకునే ఉంది.

తుంపర మళ్లీ మొదలైంది. గానుగ పాక అంచు గుంజకు ఎర్ర రిబ్బను, ముడి విప్పని ముక్క, తడుస్తూ వేలాడుతోంది.